పాట ఆగింది, తప్పెవరిది?

పోయినేడాది వినాయక చవితికి మల్కాపురంలో మా వీధి పందిరి దగ్గర అయిదో రోజు రాత్రి పిల్లల డ్యాన్సు ప్రోగ్రాం పెట్టారు. మల్కాపురం తెలియని మిత్రులకి ఒక్క మాట. ఒక పక్క రిఫైనరీ, ఇంకో పక్క షిప్‌యార్డు, మధ్యలో మా వీధులు. అందుకే మా దగ్గర ఏ ప్రోగ్రాం అయినా షిఫ్టుల లెక్కన నడుస్తుంది. ఆ రోజు తమ పిల్లల డ్యాన్సు చూడ్డానికి బి షిఫ్టు మార్చుకుని వచ్చిన నాన్నలు నాకు తెలిసే ముగ్గురున్నారు.

సౌండ్ మా పెద్దమ్మ కొడుకు అన్నయ్యది. అతనికి చిన్న సౌండ్ సర్వీస్ ఉంది. రెండు పెద్ద స్పీకర్లు, ఒక మిక్సరు, ఒక డీజే కంట్రోలర్. ల్యాప్‌టాప్ నాది. "ఇంజనీరింగ్ చదువుతున్నావు కదా, కంట్రోలర్ దగ్గర నువ్వే కూర్చో" అన్నాడు. కూర్చున్నాను.

రాత్రి ఏడున్నరకి మొదలైంది. మూడో పాటలో, పిల్లలు సరిగ్గా చేతులు పైకెత్తిన చోట పాట టక్కున ఆగిపోయింది. అయిదారు సెకన్లు నిశ్శబ్దం. తర్వాత సాఫ్ట్‌వేర్ కంట్రోలర్‌ని మళ్ళీ గుర్తుపట్టి, నేను పాట మళ్ళీ మొదటినుంచి పెట్టేసరికి రెండు నిమిషాలు పోయాయి. ఇలా నాలుగుసార్లయింది. రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్లు మోగించకూడదని 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది. పదికి ఆపేశాం. ఆఖరున ఉన్న కోలాటం జట్టు, ఎనిమిదిమంది ఆడపిల్లలు, నెలరోజులు ప్రాక్టీసు చేసి, పట్టుపరికిణీలు కట్టుకుని, స్టేజీ ఎక్కకుండానే ఇంటికెళ్ళిపోయారు.

తప్పెవరిదని కమిటీలో గొడవ. పాట ఆగిన సమయంలో రెండుసార్లు సీరియల్ లైట్లు కూడా మినుకుమన్నాయి. అంతే, అందరి చూపూ జనరేటర్ మీద పడింది. జనరేటర్‌తో వచ్చిన కుర్రాడు శ్రీకాకుళం వైపు వాడు, నా వయసే ఉంటుంది. "నానేటీ ముట్టుకోనేదన్నా, ఓల్టేజీ సరిగానే ఉంది" అని మీటరు చూపించబోయాడు. ఎవరూ చూడలేదు. జనరేటర్ అద్దెలోంచి అయిదొందలు కోసేశారు. ఆ అయిదొందలూ ఓనరు ఆ కుర్రాడి కూలిలోంచి కోసుకున్నాడని మర్నాడు తెలిసింది.

నేనూ అక్కడే ఉన్నాను. "జనరేటరే అయ్యుంటుంది" అని తలూపినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

మా కళ్ళ ముందే ఉన్న మూడు ఆధారాలు

ఆ రాత్రి పడుకున్నాక ఒక్కొక్కటీ గుర్తొచ్చింది.

మొదటిది, పాట ఆగినప్పుడు స్పీకర్ల మీద పవర్ లైటు ఆరలేదు. మిక్సరు లైట్లూ ఆరలేదు. ఆరిందల్లా కంట్రోలర్ మీది లైట్లే. జనరేటర్ నుంచి కరెంటు తీసుకునేది స్పీకర్లు, మిక్సరు. కంట్రోలర్‌కి కరెంటు వచ్చేది ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టు నుంచి. జనరేటర్ దెబ్బకి నేరుగా గురయ్యేవి బాగానే ఉండి, దానితో సంబంధం లేనిది ఆరిపోయింది!

రెండోది, ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది. జనరేటర్ పూర్తిగా ఆగిపోయినా అది గంటన్నర నడుస్తుంది. పైగా ల్యాప్‌టాప్ చార్జర్ మీద ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని రాసుంటుంది. 230 వోల్టులు కాసేపు 200కి దిగితే లైట్లు మినుకుమంటాయేమో కానీ చార్జర్‌కి చీమ కుట్టినట్టయినా ఉండదు.

మూడోది, పాట ఆగిన ప్రతిసారీ ల్యాప్‌టాప్ సొంత స్పీకర్ లోంచి 'డుడుమ్' అని చిన్న చప్పుడు వచ్చింది. పెన్‌డ్రైవ్ లాగేసినప్పుడు విండోస్ చేసే చప్పుడే అది. అంటే "నా దగ్గరున్న ఒక పరికరం ఊడిపోయింది" అని కంప్యూటరే నాలుగుసార్లు చెప్పింది. నేను వినలేదు.

ముందు జబ్బు ఏ రకమో చూడాలి

"సౌండ్ కట్ అవుతోంది" అనేది "ఒంట్లో బాగోలేదు" అనడం లాంటిది. దానికి మందు ఉండదు. ల్యాప్‌టాప్‌తో డీజే చేసేటప్పుడు వచ్చే ఆడియో బాధలు నాకు తెలిసి మూడు రకాలు.

ఒకటి, పాట పూర్తిగా ఆగిపోయి, కంట్రోలర్ లైట్లు ఆరి మళ్ళీ వెలగడం. ఇది కరెంటు సమస్య, లేదా వైరు, సాకెట్టు సమస్య.

రెండు, పాట నడుస్తూనే చిటపటలాడటం, ముక్కలుముక్కలుగా రావడం, రోబో గొంతులా మారడం. కంట్రోలర్ లైట్లు వెలుగుతూనే ఉంటాయి. ఇది కంప్యూటర్ లోపలి సమస్య, సమయానికి శబ్దం అందించలేకపోతోందన్నమాట.

మూడు, పాటతో పాటు 'గుయ్య్' మని ఒకటే రొద. చార్జర్ తీసేస్తే పోతుంది, పెడితే వస్తుంది. ఇది ఎర్తింగ్ సమస్య.

మూడింటికీ కారణాలు వేరు, మందులు వేరు. మాది మొదటి రకం. తీరా అది నయమయ్యాక దాని కింద రెండో రకం కూడా దాక్కుని కనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం మా డాబా మీద

నిమజ్జనం అయిపోయాక వచ్చిన ఆదివారం, అన్నయ్య దగ్గర సామాను తెచ్చి మా డాబా మీద అచ్చం ఆ రాత్రిలాగే అమర్చాను. ఆ రాత్రి జల్లు పడుతోందని ల్యాప్‌టాప్‌ని టార్పాలిన్ కింద లోపలికి పెట్టి, పాటలు ఎక్కించడానికి తమ్ముణ్ణి అక్కడ కూర్చోబెట్టి, కంట్రోలర్‌ని స్టేజీ మెట్ల దగ్గర టేబుల్ మీద పెట్టుకున్నాను. రెంటికీ మధ్య మూడు మీటర్ల యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు. దాని చివర నాలుగు పోర్టుల చిన్న హబ్బు. హబ్బులో కంట్రోలర్, ఒక చిన్న ఎల్ఈడీ లైటు, ఇంకా ఎవరో కమిటీ అన్న చార్జింగ్‌కి పెట్టిన ఫోను.

ఒక్కటే తేడా. ఈసారి జనరేటర్ లేదు, ఇంటి కరెంటు. నలభై నిమిషాల్లో మూడుసార్లు కట్ అయింది.

జనరేటర్ నిర్దోషి అని తేలడానికి ఇంత చాలు. దీనికి నాకు నలభై నిమిషాలు పట్టింది. ఆ రాత్రి అయిదు నిమిషాలు ఆగి ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి చూసినా సగం తెలిసిపోయేది.

తర్వాత మూడొందల్లోపు దొరికే యూఎస్‌బీ మీటరు ఒకటి కొన్నాను. పోర్టుకీ వైరుకీ మధ్య పెడితే ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని చూపిస్తుంది. ఒక నోటుబుక్కు పెట్టుకుని, ఒకసారికి ఒక్క మార్పు చొప్పున చేస్తూ రాసుకున్నాను.

1. ల్యాప్‌టాప్ పోర్టు దగ్గర, ఏమీ తగిలించకుండా: 5.02 వోల్టులు.
2. వైరు, హబ్బు, కంట్రోలర్, లైటు, ఫోను అన్నీ పెట్టి, హబ్బు దగ్గర: 4.1 కి అటూఇటూ. హెడ్‌ఫోన్ వాల్యూమ్ పెంచితే ఇంకా కిందికి. కట్.
3. ఫోను మాత్రం తీసేస్తే: 4.4. గంటలో ఒకసారి కట్.
4. లైటు, హబ్బు కూడా తీసేసి, వైరు చివర కంట్రోలర్ ఒక్కటే: 4.55. కట్ కాలేదు, కానీ నాకు ధైర్యం చాలలేదు.
5. ఎక్స్‌టెన్షన్ తీసేసి, కంట్రోలర్ సొంత పొట్టి వైరు నేరుగా ల్యాప్‌టాప్‌కి: 4.95. రెండు గంటలు ఏకధాటిగా నడిచింది.

ఒకేసారి వైరూ హబ్బూ రెండూ మార్చేసి ఉంటే సమస్య పోయేదేమో కానీ దేనివల్ల పోయిందో తెలిసేది కాదు. తెలియకపోతే వచ్చే ఏడాది మళ్ళీ అదే వైరు ఇంకో పందిరికి వెళ్తుంది.

సన్న వైరు చేసిన మోసం

యూఎస్‌బీ 2.0 వైరులో నాలుగు తీగలుంటాయి. సాధారణంగా ఎరుపు 5 వోల్టులు, నలుపు గ్రౌండ్, తెలుపు ఆకుపచ్చ డేటా. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్ల దాకా ఇవ్వాలి, 3.0 పోర్టు 900 దాకా. నా ల్యాప్‌టాప్‌ది 3.0 పోర్టు. అంటే ఇచ్చేవాడికి కొరత లేదు. మరి వోల్టేజీ ఎక్కడ పోయింది? దారిలో పోయింది.

ఎక్స్‌టెన్షన్ వైరు మీద సన్నటి అక్షరాల్లో 28 ఏడబ్ల్యూజీ అని ముద్రించి ఉంది. ఏడబ్ల్యూజీ అంటే తీగ మందం కొలత. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నం. 28 నంబరు రాగి తీగకి మీటరుకి సుమారు 0.21 ఓముల నిరోధం. వైరు 3 మీటర్లయినా కరెంటు ఎర్ర తీగలో వెళ్ళి నల్ల తీగలో తిరిగి రావాలి కాబట్టి దారి 6 మీటర్లు. మొత్తం దాదాపు 1.28 ఓములు. ఇప్పుడు ఇంటర్లో చదివిన ఓమ్ సూత్రమే. కంట్రోలర్ ఒక్కటే 0.35 ఆంపియర్లు లాగితే దారిలో 0.45 వోల్టులు పోతాయి. 5.02 లోంచి తీసేస్తే 4.57. నా మీటరు 4.55 చూపించింది. లైటూ ఫోనూ కలిసి మొత్తం 0.75 ఆంపియర్లు అయితే 0.96 వోల్టులు పోతాయి. మిగిలేది 4.06.

నిజం చెప్పొద్దూ, మొదటి సంవత్సరం ల్యాబులో ఇదే ప్రయోగం చేసి రికార్డు రాశాను. మార్కులు కూడా బాగానే వచ్చాయి. పందిట్లో మాత్రం గుర్తు రాలేదు.

యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం మామూలు పోర్టు దగ్గర 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. 4.1 కి దిగితే కంట్రోలర్ లోపలి చిప్పు రీసెట్ అయిపోతుంది. కంప్యూటర్‌కి అది ఊడిపోయినట్టే లెక్క. 'డుడుమ్' దాని చప్పుడే.

పాట ఎప్పుడూ మధ్యలోనే ఎందుకు ఆగింది? పాట సగానికొచ్చాక నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని తర్వాతి పాట సరిచూసుకునేవాణ్ణి. హోరులో వినపడాలని వాల్యూమ్ పూర్తిగా పెంచేవాణ్ణి. ఆ హెడ్‌ఫోన్‌కి కరెంటు కూడా అదే యూఎస్‌బీ నుంచి రావాలి. అంచు మీదున్నదాన్ని నేనే చేత్తో తోశానన్నమాట.

హబ్బు గురించి కూడా ఒక మాట. సొంత అడాప్టర్ లేని హబ్బు కరెంటు పుట్టించదు, వచ్చినదాన్నే పంచుతుంది. యూఎస్‌బీ 2.0 ప్రమాణంలో అలాంటి హబ్బు ఒక్కో పోర్టుకి హామీ ఇచ్చేది 100 మిల్లీ ఆంపియర్లే. 350 లాగే కంట్రోలర్‌ని దానికి తగిలించడమే పొరపాటు. హబ్బు తప్పదనుకుంటే సొంత అడాప్టర్ ఉన్నది కొనండి. దాంట్లో కూడా ఫోను చార్జింగ్ వద్దు. "ఒక్క పది నిమిషాలు తమ్ముడూ" అని ఎంత పెద్దవాళ్ళు అడిగినా సరే, పవర్ బ్యాంకు చూపించండి.

మంచి వైరు ఎలా గుర్తుపట్టాలి? దాని మీద రెండు కొలతలు రాసుంటే చూడండి. 28 ఏడబ్ల్యూజీ 1పి, 24 ఏడబ్ల్యూజీ 2సి అని ఉంటే డేటా జత సన్నం, కరెంటు తీగలు లావు అని అర్థం. మనకి కావలసింది అదే. 24 నంబరు తీగ నిరోధం మీటరుకి 0.084 ఓములే, అంటే నష్టం సగం కన్నా తక్కువ. అన్నిటికన్నా మంచి వైరు మాత్రం పొట్టి వైరే.

మా ఊరి ఉప్పుగాలి

ఇక్కడ మాకు ఇంకో శత్రువు ఉంది. సముద్రం పక్కన ఉన్న ఊళ్ళో సైకిల్ చెయిన్, గేటు గడియ, కిటికీ ఊచ ఎంత తొందరగా తుప్పు పడతాయో మాకు వేరే చెప్పక్కర్లేదు. యూఎస్‌బీ పిన్నులకీ అదే గతి. అన్నయ్య కంట్రోలర్ వెనక ఉన్న చదరపు సాకెట్టులో టార్చి వేసి చూస్తే పిన్నులు మసకబారి ఉన్నాయి. పిన్నుల మధ్య ఆ మురికి పొర కూడా ఒక నిరోధమే. పైగా ఇది కదిలిస్తే మారే నిరోధం. బాస్ కొట్టినప్పుడు టేబుల్ అదిరితే కట్ అయ్యే కేసులు చాలావరకు ఇవే.

కంట్రోలర్ ఆపేసి, వైరు తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా అద్దిన మెత్తటి బ్రష్షుతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి పెట్టుకోవాలి. సాకెట్టు వదులైపోతే తుడిచి లాభం లేదు, మార్పించాల్సిందే. వైరుని టేబుల్ కాలికి ఒక చుట్టు చుట్టి టేపు వేస్తే, ఎవరి కాలు తగిలినా లాగుడు సాకెట్టు మీద పడదు.

పెన్‌డ్రైవ్ బాగానే పని చేస్తోంది కదా?

అన్నయ్య అడిగిన ప్రశ్న ఇది. "ఒరే, అదే పోర్టులో పెన్‌డ్రైవ్ పెడితే రెండు జీబీల సినిమా చక్కగా కాపీ అయింది. పోర్టు, వైరు బాగానే ఉన్నట్టేగా?"

కాదు. యూఎస్‌బీలో డేటా పంపే పద్ధతులు వేరువేరుగా ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌ది రిజిస్టర్డ్ పోస్టు లాంటిది. ముక్క చెడిపోతే వెనక్కి చెప్పి మళ్ళీ తెప్పించుకుంటుంది. కాస్త ఆలస్యమైతే మనకి తెలియను కూడా తెలియదు. ఆడియోది పొద్దున్న పేపరు లాంటిది. టైముకి గుమ్మంలో పడాలి. ఇవాళ్టిది కాలవలో పడితే దాన్ని రేపు తెచ్చిస్తే ఏం లాభం? అందుకే ఆడియో వాడే ఐసోక్రోనస్ పద్ధతిలో పోయిన ముక్కని మళ్ళీ పంపడం ఉండదు. యూఎస్‌బీ 2.0 హైస్పీడులో సెకనులో 8000వ వంతు, అంటే 125 మైక్రోసెకన్లకి ఒకసారి అవకాశం వస్తుంది. ఆ ముక్క పాడైతే పాటలో అక్కడ చిటుక్కుమంటుంది. కాబట్టి పెన్‌డ్రైవ్ పరీక్షలో పాసైన వైరు పాటకి ఫెయిల్ కావచ్చు.

రెండో జబ్బు: చిటపట

వైరు మార్చాక కట్ అవడం పోయింది. కానీ హెడ్‌ఫోన్‌లో వింటే అప్పుడప్పుడు చిటపట. కంట్రోలర్ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఇది రెండో రకం.

దీన్ని అర్థం చేసుకోవడానికి మన మున్సిపల్ కుళాయి చాలు. నీళ్ళు రోజంతా రావు, వచ్చినప్పుడు పట్టుకుని, మళ్ళీ వచ్చేదాకా ఆ బిందెతోనే సర్దుకోవాలి. బిందె పెద్దదైతే కుళాయి కాస్త ఆలస్యమైనా ఇల్లు గడుస్తుంది. చిన్నదైతే మధ్యలో ఖాళీ అవుతుంది. ఆడియో బఫర్ ఆ బిందె. ప్రాసెసర్ వచ్చి నింపుతుంది, సౌండ్ కార్డు వాడుకుంటుంది.

సెకనుకి 44100 శాంపిళ్ళ లెక్కన 128 శాంపిళ్ళ బఫర్ అంటే 2.9 మిల్లీసెకన్లు. 256 అయితే 5.8, 512 అయితే 11.6, 1024 అయితే 23.2. నేను గొప్పకి 128 పెట్టుకున్నాను. 2.9 మిల్లీసెకన్లలోపు ప్రాసెసర్ తిరిగి రాకపోతే బిందె ఖాళీ, పాటలో చిటుకు. స్క్రాచింగ్ చేసేవాళ్ళకి చిన్న బఫర్ కావాలి, ఎందుకంటే చేతికీ చెవికీ మధ్య ఆలస్యం తెలిసిపోతుంది. పిల్లల డ్యాన్సుకి పాట పెట్టేవాడికి 11.6 మిల్లీసెకన్లు ఏం తెలుస్తుంది? 512 పెట్టాను. చిటపట చాలావరకు పోయింది.

మిగిలినదానికి కారణం ప్రాసెసర్‌ని మధ్యలో ఆపేసేవాళ్ళు. ఇవి చాలావరకు డ్రైవర్లు. లాటెన్సీమాన్ అనే సాఫ్ట్‌వేర్‌ని కాసేపు నడిపితే ఏ డ్రైవర్ ఎంతసేపు అడ్డుపడుతోందో పేరుతో చెప్తుంది. నా దగ్గర దొరికిన దొంగ వైఫై. ప్రోగ్రాం టైములో వైఫై, బ్లూటూత్ రెండూ ఆపేశాను. పాటలన్నీ ముందే ల్యాప్‌టాప్‌లో దింపుకుంటే నెట్టుతో పనేముంది?

దాంతో పాటు ఇవి కూడా చేశాను. పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌కి మార్చాను. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అనేది డిసేబుల్ చేశాను. బ్యాటరీ ఆదా కోసం విండోస్ యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చేది ఇదే. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఈ వరుస కనపడదు. అప్పుడు డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి, పవర్ మేనేజ్‌మెంట్ కింద ఉన్న టిక్ తీసేయాలి. అప్‌డేట్లని వారం వాయిదా వేశాను. ఇంకొకటి, ల్యాప్‌టాప్‌ని దిండు మీదో, బట్ట పరిచిన టేబుల్ మీదో పెట్టకండి. అడుగున గాలి ఆడకపోతే వేడెక్కి ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మన సెప్టెంబరు ఉక్కపోతలో, ఫోకస్ లైటు పక్కన, దీనికి ఎంతోసేపు పట్టదు.

మూడో జబ్బు: గుయ్య్

ఇది మాకు ఆ రాత్రి రాలేదు కానీ అన్నయ్యకి పెళ్ళిళ్ళలో తరచూ వస్తుందట. ల్యాప్‌టాప్ చార్జర్ ఒక చోట, మిక్సరు ఇంకో చోట ప్లగ్గు పెడితే, రెండు ఎర్తుల మధ్య ఉన్న చిన్న తేడా ఆడియో వైరు గుండా ప్రవహిస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జులు కాబట్టి ఆ రొద కూడా 50, దాని గుణిజాల్లో వినిపిస్తుంది.

పరీక్ష తేలిక. చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. రొద పోతే ఇదే. మందు: ల్యాప్‌టాప్, మిక్సరు రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టడం. అప్పటికీ పోకపోతే మధ్యలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు.

కొంతమంది మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను విరిచేస్తారు. రొద పోతుంది, నిజమే. కానీ వానలో తడిసిన పందిట్లో, ఇనుప స్టేజీ మీద, చిన్నపిల్లలు చెప్పుల్లేకుండా ఎగురుతున్నప్పుడు ఆ పిన్ను ఒక్కటే వాళ్ళ ప్రాణానికి అడ్డు. రొద ఉంటే ఉండనివ్వండి. ఎర్తు పిన్ను జోలికి మాత్రం వెళ్ళకండి.

ప్రోగ్రాంకి ముందు అరగంట

ఇప్పుడు నా నోటుబుక్కు చివరి పేజీలో ఇలా ఉంటుంది.

* పొట్టి వైరు, నేరుగా ల్యాప్‌టాప్‌కి. ఇంకో పొట్టి వైరు జేబులో.
* కంట్రోలర్ తప్ప ఆ పోర్టు దగ్గర ఇంకేమీ వద్దు. లైటుకి, ఫోనుకి వేరే దారి.
* బ్యాటరీ నిండుగా. చార్జర్, మిక్సరు ఒకే బాక్సులో.
* వైఫై, బ్లూటూత్ ఆపు. పవర్ ప్లాన్ చూడు. బఫర్ 512.
* హెడ్‌ఫోన్ పూర్తి వాల్యూమ్‌లో, అన్ని లైట్లూ వెలిగించి, ఇరవై నిమిషాలు నడిపి చూడు. తేలికపాటి పరీక్షలో పాసవడం పరీక్షే కాదు.
* ఒక ఫోనులో అన్ని పాటలూ వరుసగా పెట్టి, మిక్సరుకి ఇంకో ఛానెల్‌లో తగిలించి ఉంచు. అన్నీ పోయినా ఒక్క ఫేడర్ లేపితే పాట నడవాలి.

ఆఖరిది అన్నిటికన్నా ముఖ్యం. ఆ రాత్రి ఆ ఒక్కటి ఉండి ఉంటే కోలాటం జట్టు స్టేజీ ఎక్కేది.

అయిదొందలు

నోటుబుక్కు తీసుకుని అన్నయ్యా నేనూ కమిటీ పెద్దాయన దగ్గరికెళ్ళాం. ఓములూ ఆంపియర్లూ ఆయనకేం చెప్తాం? అందుకని డాబా మీదికి తీసుకొచ్చి, జనరేటర్ లేకుండా పాట ఆగడం చూపించాం. ఫోను తగిలించి ఆపాం, వైరు మార్చి నడిపించాం. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. "అయితే ఆ గుంటడి డబ్బులు కోసేశాం కదరా" అన్నాడు.

జనరేటర్ షెడ్డు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. కుర్రాడు ఇంజను ఆయిలు మారుస్తున్నాడు. అయిదొందలు ఇస్తే చేతులు తుడుచుకుని తీసుకున్నాడు. "డబ్బులు సరేనన్నా. తప్పు నాది కాదని మా ఓనరుకి ఓ మాట సెప్పండి. ఆ రోజు నుంచి నన్ను పెళ్ళిళ్ళకి పంపడం నేదు" అన్నాడు. ఆ సంగతి మాకు తెలియదు. ఓనరు వచ్చేదాకా గంటసేపు అక్కడే కూర్చుని, జరిగింది చెప్పి వచ్చాం.

పరికరం చెడితే ఎవరో ఒకరి మీద పడటం మనకి అలవాటు. ఎప్పుడూ అది ఎదురు చెప్పలేని వాడి మీదే పడుతుంది. వాడు మీటరు చూపిస్తానంటే చూడటానికి మనకి ఎంతసేపు పడుతుంది?

ఈ ఏడాది చవితి ప్రోగ్రాం జాబితా రాయడం మొదలుపెట్టారు. మొదటి పేరు కోలాటం జట్టుది.